ఈశ్వరయ్య గారి చూపు

అమెరికాలో మా ట్రాయ్ ఊళ్ళో తెలుగువాళ్ళు కొత్త కారు కొంటే ముందు గుడికి తీసుకెళ్తారు, ఆ తర్వాత ఈశ్వరయ్య గారి కంట పడకుండా దాచుకుంటారు. దాచుకున్నా లాభం లేదు. ఏ పుట్టినరోజుకి పిలిచినా ఆయన లోపలికి రావడానికి అరగంట పడుతుంది. పార్కింగ్‌లో ఒక్కో కారు పక్కనా వంగి, తల వాల్చి, వెలుతురికి అడ్డంగా చూసి, "కార్ వాష్ బ్రష్షులు పాడుగాను, ఎట్ల గీకినయో చూడు" అని ఓనరుకి వినపడేలా బాధపడతారు. కొత్త కారు సంబరం అక్కడితో సరి.

ఆయనది వరంగల్. ఇరవై ఆరేళ్ళ క్రితం వచ్చి, కార్ల తలుపులకు రంగు వేసే ఒక కంపెనీలో చేరి, ఇప్పటికీ అక్కడే ఉన్నారు. చుట్టూ ట్యూబ్‌లైట్లు వెలిగే గదిలో నిలబడి, రంగు ఆరి వచ్చిన తలుపు మీద దుమ్ము కణమో సన్న గీతో ఉంటే పట్టుకోవడం ఆయన పని. ఓకే అంటే ముందుకి, కాదంటే వెనక్కి. ఆయనతో చేరినవాళ్ళు మేనేజర్లయ్యారు. ఈయనకీ ప్రమోషన్ ఇస్తామంటే, "మీటింగుల్ల నేనేం చూడాలె?" అని అడిగారట. ఆ సంగతి భార్య ఉమ గారు ఇప్పటికీ పళ్ళు నూరుతూ చెబుతారు.

నాకు ఆయనంటే గౌరవమే తప్ప భయం లేదు. శ్రీవిద్య ఉన్న మాట ముఖానే అనేస్తుందని నాకు పేరు. అలాంటిదాన్ని, పోయిన మే నెలలో ఒక శనివారం పొద్దున తల వంచుకుని ఆయన గరాజ్ ముందు నిలబడ్డాను.

తప్పు నాదే. ఎర్ర కారు కొన్నాను. పూజ చేసిన పంతులు గారు బానెట్ మీద పసుపూ గంధమూ కలిపి ఓంకారం రాశారు. వెంటనే తుడిస్తే మంచిది కాదేమోనని వారం రోజులు అలాగే ఆఫీస్‌కి తిరిగాను. ఎండకి అది పెచ్చు కట్టింది, నీళ్ళకి వదల్లేదు. బీటెక్ చదివిన నేను వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు తోమే పచ్చ పీచు తెచ్చి రుద్దాను. ఓంకారం పోయింది. దాని చోట పళ్ళెమంత మేర గీతలు తేలాయి.

"దేంతోని రుద్దినవమ్మా?"

చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఇంత బూడిద గూడ వెయ్యకపోయినవా?"

తర్వాత గీతల మీద అడ్డంగా గోరు లాగి చూశారు. గోరు ఎక్కడా చిక్కుకోలేదు. రంగు మీద అద్దంలాంటి పూత ఒకటి ఉంటుందనీ, దాన్ని క్లియర్‌కోట్ అంటారనీ, అది కాగితం కన్నా పలచననీ, నా గీతలు దాని పైపైనే ఉన్నాయనీ చెప్పారు. "గీత ఏడికీ పోదమ్మా. చుట్టుపక్కలదంత అరగదీసి దానికి సమానం చేస్తం, అంతే."

కారు కడిగారు. బానెట్ అంచుల్లో పూత ఇంకా పలచగా ఉంటుందని అక్కడ టేపు అంటించారు. సన్నటి ఉప్పుకాగితం నీళ్ళలో నానబెట్టి, నా చేతికి నీళ్ళు చిమ్మే సీసా ఇచ్చారు. "కొడుతనే ఉండు. నీళ్ళు పాల లెక్క కారితే మనం పూతలనే ఉన్నట్టు. ఎరుపు కనపడ్డదంటే పూత అయిపోయినట్టు. ఇగ రుద్దుడు బంద్."

నీళ్ళు కొడుతున్నాను, ఆయన రుద్దుతున్నారు. నిజంగానే పాలలా కారుతోంది. ఆయన చెయ్యి ఎంత తేలిగ్గా కదులుతోందంటే చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి ఆ తెలుపులో గులాబీ చాయ కనిపించింది. ఆపుతారనుకున్నాను. ఆపలేదు. ఇంకో నాలుగుసార్లు రుద్దారు. చాయ ముదిరింది.

"చూసినవా," అన్నారు సంతోషంగా, "పాల లెక్క."

అవునండీ అనేద్దామనిపించింది. కారు పోతే పోనీ, ఈ మాట నా నోటి నుంచి రాకూడదనిపించింది. ఉన్న మాట అనేయడం సులువని ఇన్నాళ్ళూ గొప్పలు పోయాను కానీ, అన్నీ నాకు నొప్పిలేని మాటలేనని అప్పుడే తెలిసింది.

"ఈశ్వరయ్య గారూ, ఎర్రగా వస్తోంది."

ఆయన చెయ్యి ఆగింది. తెల్ల గుడ్డతో తుడిచి, దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, గరాజ్ గుమ్మంలోకి వెళ్ళి ఎండలో పట్టి చూశారు. తిరిగొచ్చి బానెట్ మీదికి వంగారు.

"ఎక్కడమ్మా?"

ఆయన వేలు పట్టుకుని చూపించాను.

గుడ్డ మడిచి పక్కన పెట్టారు. తర్వాత మెల్లగా, "చలికాలం నుంచి మబ్బు పట్టినట్టు ఉంటాంది," అన్నారు. "లైట్లు పాతబడ్డయనుకున్న. ట్యూబులు మార్చుమని కంపెనీల చెప్పిన."

"మార్చారా?"

"ఎప్పుడో మార్చిన్రు."

టీ తెచ్చిన ఉమ గారు గుమ్మంలోనే నిలబడి అంతా విన్నారు. కప్పులు కింద పెట్టి దగ్గరికి వచ్చారు. "పొర వచ్చి ఉంటది, ఆపరేషన్ చేస్తే పోతది. డాక్టర్‌కు చూపించుకునేదాక ఎవ్వరికీ చెప్పకుండ్రి. రిటైర్ కావడానికి రెండేండ్లే ఉన్నది." నా వైపు తిరిగి, "నువ్వు గూడ ఏం అనకు విద్యా," అన్నారు. నేను తలూపాను. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

"మరి తలుపులు?" అన్నారు ఈశ్వరయ్య గారు.

ఉమ గారికి అర్థం కాలేదు.

"చలికాలం నుంచి నేను ఓకే చేసినయి. ముందటియి కార్లకు ఎక్కే ఉంటయి. ఈ వారంవి ఇంకా గోడౌన్‌లనే ఉన్నయి."

ఉమ గారు ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. ఆయన విడిపించుకోలేదు, మాట కూడా వినలేదు. తడి చేతులతోనే జేబులోంచి ఫోన్ తీసి నాకిచ్చి, సూపర్‌వైజర్‌కి కలపమన్నారు. కలిపి స్పీకర్‌లో పెట్టాను. అవతల పిల్లల ఆట ఏదో జరుగుతున్నట్టుంది, ఒకటే కేకలు. ఈయన ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా తూచి చెప్పారు. నా కళ్ళు బాగా లేవు, ఈ వారం నేను పంపిన తలుపులు బయటికి పోనివ్వకండి, అన్నీ మళ్ళీ చూపించండి.

అవతలి మనిషి హాస్యమనుకున్నాడు. గట్టిగా నవ్వాడు. "నువ్వు చూసినవి మళ్ళీ ఎవరికి చూపించమంటావు? నీకన్నా బాగా చూసేవాళ్ళు ఎవరున్నారు?"

"ఎవరైనా," అన్నారు ఈశ్వరయ్య గారు.