చెప్పకుండా పంపిన మెసేజ్

అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే బస్సులో లాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చున్నాను. మందు మోతాదు లెక్కగట్టడానికి నేను రాసిన ప్రోగ్రామ్, పరీక్షించినప్పుడల్లా నిజమైన రోగులకే మెసేజ్‌లు పంపేస్తోంది. ప్రోగ్రామ్‌లో ఎక్కణ్ణుంచి వెళ్తున్నాయో తెలియడం లేదు.

పక్కసీటులో పెద్దావిడ తెర వైపు వంగి చూసేరు.

"ఏమనుకోకండి. ఈ ఫంక్షన్ మెసేజ్ పంపుతుంది గానీ, ఆ మాట దాని టైపులో లేదేమిటండీ? అక్కడ రాస్తే, దాన్ని వాడుకునే ప్రతి ఫంక్షనూ తానూ మెసేజ్ పంపుతానని ఒప్పుకుని తీరాలి కదండీ. దాచినవి దొరికిపోతాయి."

ఫంక్షన్ అంటే ప్రోగ్రామ్‌లో ఒక పని చేసే ముక్క; టైపు అంటే అదేం చేస్తుందో దాని తలమీద రాసే హామీ. ఆ వీలుందని తెలిసీ బద్ధకించాను. ఇప్పుడు రాశాను. లెక్క మాత్రమే చేస్తానన్న ఒక ఫంక్షన్ కింద, రాసినదాన్ని తనిఖీ చేసే కంపైలర్ ఎర్రగీత గీసింది. దొంగ అదే.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"లెక్కల టీచర్నండి. రిటైరయ్యేక, సరదాకి నేర్చుకున్నాను" అంటూ తాటిపాకలో దిగిపోయేరు.

అప్పటికి నేను ప్రోగ్రాములు రాసే ఆ పనికి పదేళ్ళుగా జీతం తీసుకుంటున్నాను.