ఇన్‌స్పెక్టరు ముందు నా వరి పాఠం

నా పరువు ఒక గడ్డిమొక్క చేతిలో పోయింది. పులి చేతిలోనో, పాము చేతిలోనో కాదు, గడ్డిమొక్క! ఎలా పోయిందో చెబుతాను, నవ్వండి. కానీ తప్పంతా నాదేనంటే మాత్రం ఊరుకోను.

అరవైల నాటి మాట. సూర్యాపేటలో ధాన్యం కొట్టున్న ఇంట్లో పుట్టినవాణ్ని. బియ్యం గింజ నోట్లో వేసుకుంటే కొత్తదో పాతదో చెప్పగలను గానీ, పొలంలో కాలు పెట్టిన పాపాన పోలేదు. అలాంటి నన్ను గరిడేపల్లి దగ్గరి పల్లెకు పంతులుగా వేశారు. దానికి ముందు పది రోజుల ట్రైనింగు. రోజూ ఒకటే పాట: "వస్తువు చూపించి చెప్పండి." అట్టతో గడియారం చేయడం నేర్పారు. వరి మొక్క ఎలా ఉంటుందో ఒక్కడైనా చెప్పాడా? శంఖంలో పోస్తేగాని తీర్థం కాదంటారు. ట్రైనింగులో పోసి తీశారు కనుక నా అజ్ఞానం కూడా తీర్థమైపోయిందనుకున్నాను.

మూడు నెలలకు, ఆ ట్రైనింగు ఏ మాత్రం పనిచేసిందో చూడ్డానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన బాగుందంటేనే నా ఉద్యోగం ఖాయం. మా నాయన ముందే చెప్పి ఉంచాడు: "నౌకరి పోతే వచ్చి కొట్ల కూసో. తక్కెడ పట్టి వడ్లు జోకుడు నేర్పిస్త."

ఆయన వచ్చే రోజు పొద్దున్నే వరి పొలానికి పోయి, అన్నిటికన్నా ఏపుగా ఉన్న మొక్కలు చూసి పీకాను. ఆసామి రామిరెడ్డి గట్టు మీద ప్రత్యక్షమయ్యాడు.

"గవెందుకు సారూ?"

"పిల్లలకు సూపియ్యాలె పటేలా. రెండే తీస్కుంట."

"రెండెందుకు? మొత్తం తీస్కపోండ్రి! గా మూలకు ఇంకా ఉన్నయి. రేపు గూడ రాండ్రి!"

ఎంత ఉదారుడని నా కళ్ళు చెమర్చాయి. ఒక్క మాట చెప్పొచ్చు కదా ఆ పెద్దమనిషి! ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇన్‌స్పెక్టరు కోదాడ వైపు మనిషి. వెనక కుర్చీలో కూర్చున్నాడు. నేను మొక్కను హారతిపళ్ళెంలా ఎత్తి, "పిల్లలూ, ఇది వరి. మనకు అన్నం పెట్టే తల్లి. దండం పెట్టండి!" అన్నాను.

ఒక్క చెయ్యీ లేవలేదు. ముందు వరుసలోంచి లచ్చమ్మ లేచింది.

"సారూ, గది వరి గాదు. ఊదగడ్డి. కలుపు."

"కూసో! నేను ట్రైనింగయి వచ్చిన."

"ట్రైనింగుల గిట్ల చెప్పిండ్రా సార్?" అంది జాలిగా, మొక్క నా చేతిలోంచి తీసుకుంటూ. "సూడుండ్రి, వరికి ఆకు మొదట్ల నూగుంటది. దీనికి లేదు. మా అమ్మ దినాం పీకి గట్టు మీద పారేస్తది."

ఒకడు ఉరికి అసలు వరి మొక్క తెచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టి, క్లాసంతా నా చుట్టూ మూగి చూపించారు.

"సమజైందా సార్?"

"అయింది" అన్నాను.

ఇన్‌స్పెక్టరు లేచాడు. "వస్తువు చూపించి ఇంత బాగా పాఠం చెప్పడం నేనెక్కడా చూళ్ళేదయ్యా."

"మీ దయ సార్."

"నిన్ను కాదయ్యా!"

రిజిస్టరులో ఇలా రాశాడు: "శిక్షణ ఫలించింది. ఈ తరగతిలో బోధన అద్భుతం. ఉపాధ్యాయుడు కూడా శ్రద్ధగా వింటున్నాడు. ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంచితే పైకొస్తాడు."

అలా నా ఉద్యోగం నిలిచింది. ఆ పూట అన్నం ముందు కూర్చుని ఒట్టు వేసుకున్నాను: రైతు నవ్వుతూ ఇచ్చిన మొక్క ఈ జన్మలో ముట్టను, ఏ మొక్క తెచ్చినా ముందు లచ్చమ్మకు చూపించందే క్లాసులో అడుగుపెట్టను. ఒట్టు తప్పలేదు. రామిరెడ్డి మాత్రం ఆ వానాకాలమంతా గట్టు మీంచి పిలుస్తూనే ఉన్నాడు:

"సారూ, ఇయ్యాల పాఠం లేదా?"