చిన్నాన్న తీసిన పొలాలు

మా చిన్నాన్న మొన్న ఆదివారం నిద్రలోనే పోయారు. కలకత్తా గార్డెన్ రీచ్ నుంచి తమ్ముడు ఫోన్ చేసి చెప్పగానే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, ఆశ్చర్యం. అన్ని దెబ్బలు తిన్న మనిషి ఇంత నెమ్మదిగా పోయారా అనిపించింది.

శ్రీకాకుళం నుంచి వచ్చి కలకత్తా రేవులో బస్తాలు మోసిన మనిషి. రిటైరయ్యాక చవకలో ఒక డిజిటల్ కెమెరా కొన్నారు. ఆదివారాలు రెండు బస్సులు మారి న్యూ టౌన్ అవతలి ఊళ్ళకు పోయి వరిచేలు, బాతులు, ఆరేసిన వలలు ఫొటోలు తీసుకొచ్చేవారు.

"నా ఫొటో ఒక్కటైనా తీసినారేటి?" అని పిన్ని దెప్పేది.

"నువ్వెక్కడికీ పోవు గదే. ఆ పొలాలు పోతన్నాయి" అనేవారు.

నిజమే, అక్కడ అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజులవి. కెమెరాతో ఎవరు కనిపించినా, భూమి లాక్కునేవాళ్ళ మనిషే అనుకునేవారు అక్కడి రైతులు. ఈయనకా సంగతి తట్టలేదు. ఒకరోజు కర్రలతో పదిమంది గట్టు మీద పరిగెత్తుకొస్తుంటే, ఫొటో దిగడానికి వస్తున్నారనుకుని మీట నొక్కారు. మరుక్షణం తల పగిలింది. బురదలో పడేసి తన్నారు. తీరా కెమెరా లాక్కుని చూస్తే అందులో తమ ఫొటో ఒక్కటి తప్ప అన్నీ చేలూ బాతులే. మొదటి దెబ్బ వేసిన రైతే నెత్తురు కడిగి, కెమెరా తిరిగిచ్చి బస్సెక్కించాడు.

ఎవరు కబురు మోశారో గాని, మర్నాడు సాయంత్రానికల్లా ఆ భూములు లాక్కుంటున్న దళారి మనుషులు నలుగురు మా ఇంటికొచ్చారు.

"కొట్టినవాళ్ళ మొహాలు చూపించు దాదా. తెల్లారేసరికి వాళ్ళ ఇళ్ళుండవు" అన్నారు. దాదా అంటే బెంగాలీలో అన్న.

"సూపించీండి, మిమ్మల్ని సంపబోనారు గదేటి" అంది పిన్ని. నాకూ అదే అనిపించింది.

చిన్నాన్న కెమెరా తెచ్చి వాళ్ళెదుటే మీటలు నొక్కారు. చూపిస్తున్నారనుకున్నాం. మొత్తం చెరిపేశారు. ఆ మొహాలతోపాటు రెండేళ్ళ పొలాలూ పోయాయి.

"ఏటీ నేదు బాబూ, సూసుకోండి."

వాళ్ళు ఆయన కుడిచేతిని తలుపు సందులో పెట్టి తలుపు వేశారు. మళ్ళీ తెరిచి మళ్ళీ వేశారు. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పిన్ని అరుపులకు వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ వీధి మీద నాకింకా కోపమే.

"ఎందుకు చిన్నాన్నా?" అని ఆసుపత్రిలో అడిగాను.

"ఆళ్ళు బయపడి కొట్టినారు. ఈళ్ళు బయపెట్టడానికి కొడతారు. రెండూ ఒకటేటి?"

కట్లు విప్పాక మళ్ళీ ఆ ఊరికే బయల్దేరారు. ఒంటరిగా పంపలేక నేనూ వెళ్ళాను. కొట్టి, బస్సెక్కించిన ఆ రైతు చేను దగ్గరే కనిపించాడు. ఆపుకోలేక జరిగినదంతా బెంగాలీలో అతని మొహాన కొట్టినట్టు చెప్పేశాను. అతను గట్టు మీద కూలబడ్డాడు.

చిన్నాన్నకు కుడిచేతి వేళ్ళు వంగేవి కావు. కెమెరాను ఎడమచేత్తో పట్టుకుని చేను వైపు తిప్పి, "నొక్కు దాదా" అన్నారు. అతను లేచి, చెయ్యి లుంగీకి తుడుచుకుని నొక్కాడు.

ఆ ఫొటో పిన్ని దగ్గరుంది. గాలికి ఒక పక్కకు ఒరిగిన పచ్చటి చేను, ఒక మూల అడ్డంగా పడిన ఆ రైతు వేలు.