నా పెళ్లి ప్రకటనకు నా అభ్యంతరం

నా పేరు లేయా. హీబ్రూలో దానికి అలసిపోయినది అని అర్థం చెబుతారు. బైబిలు చదివినవాళ్లకు ఇంకో సంగతి కూడా గుర్తొస్తుంది: యాకోబు కోరుకున్నది చెల్లెలు రాహేలును, మామ మోసం చేసి అంటగట్టింది అక్క లేయాను. ఇంత గొప్ప పేరు నాకు పెట్టింది మా అమ్మ.

అమ్మ జంషెడ్‌పూర్‌లో ఒక ఆస్పత్రిలో ఆయా. నేను కడుపులో ఉండగా నెలలు నిండేదాకా డ్యూటీకి వెళ్లింది. మూడోసారీ ఆడపిల్లేనా అని చుట్టాలు మొహాలు ముడుచుకుంటే, ఈ పేరు తనే వెతికి పెట్టింది. "అలిసిపోనాను. ఆ మాట దేవుడికి సెప్పుకోడానికి సిగ్గేటి?" అనేది. ఆదివారం డ్యూటీ దిగి తిన్నగా చర్చికొచ్చి, ప్రసంగం మొదలవగానే కునుకు తీసేది. పక్కవాళ్లు మోచేత్తో పొడిచేవాళ్లు. ఆ మోచేతుల మీద నాకు ఇప్పటికీ కోపమే.

మా ఊళ్లోనే బర్మామైన్స్ పేటలోని సంబంధం ఖాయమయ్యాక, కాబోయే అత్తగారు ఇంటికొచ్చి, "ఆ పేరు మార్సీమ్మా, మొగుడికి అక్కర్లేని పెళ్లాం పేరది" అంది. కుదరదన్నాను. అంతటితో ఊరుకుందనుకున్నాను.

మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పాలి. నాకు తెలిసి ఎప్పుడూ ఎవరూ లేవలేదు. మొదటి ఆదివారం పాస్టరుగారు వరుడి పేరు చదివి, వధువు పేరు రాహేలు అన్నారు. అత్తగారు ముందే వెళ్లి రాయించేసిందన్నమాట! నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"నాకు అభ్యంతరం ఉందండీ."

"అమ్మా, ఇది నీ పెళ్లే," అన్నారాయన కంగారుగా.

"ఆ రాహేలెవరో నాకు తెల్దు అయ్యగారూ. నా పేరు లేయా."

మగవాళ్ల వైపు నుంచి పెళ్లికొడుకు "బైఠ్ జావో నా" అని సైగ చేశాడు. నేను కూర్చోలేదు.

"మంచికే కదేటి మార్పించినాను!" అంది అత్తగారు.

"లేయాను మొగుడు చూడలేదు గానీ దేవుడు చూసినాడు," అన్నాను. "యూదాను కన్నది ఆవిడే. యేసయ్య వచ్చింది ఆ వంశంలోనే. ఈ పేరు వద్దంటే నన్నూ వద్దన్నట్టే. ప్రకటన ఇక్కడితో ఆపీండి."

పెళ్లి పోతుందని తెలుసు. అయినా ఆ మాట వెనక్కి తీసుకునే ఉద్దేశం నాకు లేదు.

పెళ్లికొడుకు తల్లి వైపు చూశాడు, నా వైపు చూశాడు. చివరికి లేచి, "లేయా హీ పఢియే, పాస్టర్‌జీ" అన్నాడు.

పాస్టరుగారు కలం తీసి ఆ పేరు కొట్టేసి, ప్రకటన మళ్లీ మొదటినుంచి చదివారు. వధువు పేరు లేయా.

"ఇంకోపాలి సదవండి అయ్యగారూ," అని వెనక బెంచీ నుంచి ఒక గొంతు వినిపించింది.

తిరిగి చూశాను. మా అమ్మ లేచి నిలబడి ఉంది.