తృష్ణకు అర్థం

కిడ్నీలు రెండూ పాడయ్యాక తెలుగు మాస్టారికి డాక్టర్లు నీళ్లు కట్టడి చేశారు. తడిగుడ్డతో పెదాలు అద్దుకుంటూ, వంటింట్లో కుళాయి తిప్పినప్పుడల్లా అటు తల తిప్పుతూ, మంచం మీదే పొద్దుపుచ్చుతారు. ఆ సాయంత్రం మనవరాలు పుస్తకంతో పాటు తన మంచినీళ్ల గ్లాసూ తెచ్చుకుని పక్కన కూర్చుంది. "తాతయ్యా, తృష్ణ అంటే?" ఏళ్ల తరబడి ఆ మాటకు 'తీవ్రమైన కోరిక' అని బోర్డు మీద రాసిన మాస్టారు, గ్లాసు వైపే చూస్తూ "దాహమమ్మా" అన్నారు. "మా టీచరు గట్టి కోరిక అన్నారే!" "రెండూ ఒకటే తల్లీ."

పిల్ల రాసుకుంటుంటే ఆయన గ్లాసు అందుకున్నారు. భార్య పరుగున వచ్చి దాన్ని పట్టుకుంది. "వద్దండీ, మళ్లీ ఊపిరాడదు." "ఆడకపోతే పోనీవే." ఏనాడూ ఆమెను ఏదీ బతిమాలి ఎరగని మనిషి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. గ్లాసు మీద ఆమె వేళ్లు ఒక్కొక్కటే సడలాయి.