బాలింత తలనొప్పి

మా చెల్లెలు కాన్పుకు చంద్రగిరి దగ్గర అమ్మ ఇంటికి వచ్చింది. బిడ్డ పుట్టిన కొన్నాళ్లకే తలనొప్పి పట్టుకుంది. అమ్మ చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, నుదుటికి శొంఠి పట్టు వేసింది. నేను చూడబోయిన పూట చెల్లెలు వాంతి చేసుకుంది. "పైత్యం" అంది అమ్మ. దేనికైనా ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

అంతలో బిడ్డ ఏడిస్తే చెల్లెలు ఎత్తుకోబోయింది. కుడి చెయ్యి వాలిపోయింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ వాలింది. చెల్లెలు బిత్తరపోయి నా వైపు చూసింది. అమ్మ మాట వినకుండా కారు పిలిపించి తిరుపతికి తీసుకుపోయాను.

ఆసుపత్రిలో తలకు స్కాన్ తీశారు. పెద్ద తేడా ఏమీ కనబడలేదన్నారు.

"సెప్పినాను కదమ్మీ, సలి సేరిందని" అంది అమ్మ.

డాక్టరమ్మ మాత్రం వదల్లేదు. చెల్లెలి కళ్లలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. లోపల నరం ఉబ్బిందని చెప్పి, అమ్మను అడిగింది. "నీళ్లు బాగా తాగుతోందా?"

"బాలింతకు నీళ్లిస్తే పొట్ట పెరిగిపోదా మేడం? గొంతు తడుపుకునేంత ఇచ్చినాను. పత్తెం నేనే దగ్గరుండి సేయించినాను" అంది అమ్మ గర్వంగా.

డాక్టరమ్మ ముఖం మారింది. మెదడు నుంచి రక్తం కిందికి దిగే సిరల్లో గడ్డ కట్టిందేమో అంది. మామూలు స్కాన్‌లో అది దొరక్కపోవచ్చట. సిరలను చూపించే స్కాన్‌కు అప్పటికప్పుడు పంపింది.

ఆ తలుపు బయట నిలబడి, గడ్డ లేకుండా ఉంటే చాలని మొక్కుకున్నాను. ఉంది.

"రక్తం పల్చబడే ఇంజెక్షన్ మొదలుపెడతాం. ప్రాణానికి ప్రమాదమే. చెయ్యి సంగతి ఇప్పుడే చెప్పలేను" అంది డాక్టరమ్మ.

"నేనే సేసినానా మేడం?" అంది అమ్మ.

"కాన్పయ్యాక రక్తం గడ్డకట్టే గుణం ఎలాగూ పెరుగుతుందమ్మా. ఒంట్లో నీళ్లు తగ్గితే ఇంకా కష్టం."

నేను అమ్మకు దూరంగా పోయి కూర్చున్నాను. నోరు తెరిస్తే ఏమంటానో నాకే భయం. అంత కోపం ఎవరి మీదా రాలేదు నాకు.

ఇంజెక్షన్లు పడుతున్న కొద్దీ చెల్లెలి తలనొప్పి తగ్గింది. ఒక ఉదయం నేను చెయ్యి అందిస్తే కుడి చేత్తో నా వేళ్లు పట్టుకుంది. గట్టిగా కాదు, కానీ పట్టుకుంది.

"అమ్మ యాడుండాది? లోపలికి రాదేమక్కా? నువ్వేమన్నా అన్నావా?" అంది.

అనలేదని చెప్పి బయటికొచ్చాను. అమ్మ గోడకానుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే, "సెయ్యి కదిలించిందా అమ్మీ?" అంది.

"కదిలించింది. నిన్ను పిలస్తా ఉండాది, పా" అన్నాను.

అమ్మ అడుగు ముందుకు వెయ్యలేకపోయింది. నా కోపం ఇంకా పోలేదు. అయినా జబ్బ పట్టుకుని లోపలికి నడిపించాను.