మూడో ముక్క

ఏడేళ్ళుగా నా మీద ఒక బరువుంది. ఒక్క మాట బరువు. "లేదు" అన్నాను. అంతే. అంత చిన్న మాట నాలుగు రోజులకి అరిగిపోతుందిలే అనుకున్నాను. అరగలేదు.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు చెప్పను. నా పేరు రాయను, మా పిల్ల పేరూ రాయను. మా పిల్ల అంటే మనవరాలు, కూతురి కూతురు. నేను చదివింది అయిదో తరగతి, రేపల్లె దగ్గర మిషను బడిలో. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి. మా అమ్మాయి పనిచేసే ఆసుపత్రిలో పారేసే డ్యూటీ కాయితాలు వెనక వైపు తెల్లగా ఉంటాయి. ఊరికే పోనివ్వడం ఎందుకని దాచాను. వాటి మీదే రాస్తున్నాను.

ఢిల్లీలో, ద్వారకలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. మా అమ్మాయి నర్సు. అల్లుడిది ఓడలో పని, ఏడాదిలో రెండు నెలలు ఉంటే ఎక్కువ. ఇంట్లో ఉండేది నేనూ పిల్లా. దాన్ని మూడేళ్ళప్పటి నుంచి పెంచింది నేను. గట్టిగా పెంచాను. గదిలో మనిషి లేకుండా ఫ్యాను తిరిగితే ఊరుకోని దాన్ని, పొగడ్త మాత్రం ఊరికే ఎందుకిస్తాను? బొమ్మ గీసి తెస్తే "ఇది ఆవా, బల్లా" అన్నాను. అందరూ నవ్వారు, అదీ నవ్వింది. కానీ దానివల్ల ఒకటి జరిగింది, అది నేనప్పుడు చూసుకోలేదు. నా మాట మీద దానికి గురి కుదిరింది. వాళ్ళమ్మ బావుందంటే లెక్కలేదు. అమ్మమ్మ తిట్టకపోతే చాలు, ఆ రోజంతా గంతులే.

దాని పదిహేనో ఏట ఇంట్లోకి ఆ గిటారు వచ్చింది. కరెంటు గిటారు. మా అమ్మాయితో పనిచేసే ఒక మలయాళీ నర్సు సొంతూరు వెళ్ళిపోతూ, తన పిల్లలు ముట్టుకోవడం లేదని ఇచ్చేసింది. దానితోపాటు చిన్న స్పీకరు పెట్టె. వైరు పెట్టకపోతే దోమ రొదలా ఉంటుంది, పెడితే కిటికీ అద్దాలు అదురుతాయి. కరెంటు కాలుతోందని నేను వైరు పీకేసేదాన్ని. అది మారు మాట్లాడకుండా ఉత్త తీగల మీదే వాయించుకునేది. ఎవరూ నేర్పలేదు, ఫోనులో చూసి నేర్చుకుంది. తీగలు మీటే బిళ్ళలు వారానికొకటి పారేసుకునేది. గడువు తీరిన బ్యాంకు కార్డులు కత్తెరతో కత్తిరించి, అంచులు గచ్చు మీద అరగదీసి నేనే చేసిచ్చాను. అంటే ఏమిటి? వద్దంటూనే చేసిచ్చాను. ఇది కూడా మీరు తెలుసుకోవాలి.

అది వాయించేవి పూర్తి పాటలు కావు. రిఫ్ అనేది. పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న ముక్కట. ఆ ముక్క వినగానే ఏ పాటో మనిషికి తెలిసిపోవాలట. ఆ పాటలేవో నాకు తెలీదు గనక నేనే పేర్లు పెట్టుకున్నాను, మనసులో. ఒకటి మెట్ల ముక్క. ఎవరో తొందరగా మెట్లు దిగి, పైన ఏదో మర్చిపోయి వచ్చినట్టు కింద ఆగి, మళ్ళీ పైకెక్కుతారు. ఇంకోటి మిషను ముక్క. అరచేతి అంచు తీగల మీద ఆనించి వాయిస్తుంది. నేను నర్సుల డ్రెస్సులు కుట్టే రోజుల్లో మిషను పరిగెత్తినట్టే, టకటకటక. అందులో ఒకచోట దాని చిటికెన వేలు అందేది కాదు. నెల రోజులు అక్కడే పడిపోయేది. అందిన రోజు నేను వంటింట్లో గరిటె పట్టుకుని అలా నిలబడిపోయాను. బయటికొచ్చి "అన్నం చల్లారిపోతోంది" అన్నాను.

పన్నెండో క్లాసు అయ్యాక అది చెన్నైలో ఒక సంగీతం కాలేజీ సంగతి తెచ్చింది. చేరాలంటే వీడియో తీసి పంపాలి. ఇష్టమైన ముక్కలు రెండు, సొంతంగా కట్టింది ఒకటి. సోమవారం ఆఖరు. మా అమ్మాయి అవుననీ కాదనీ చెప్పలేక, "అమ్మమ్మ విని సరే అంటే పంపుకో" అంది. అలా నా ముందుకొచ్చింది ఆ పని.

శనివారం మధ్యాహ్నం. నేను పళ్ళెంలో కందిపప్పు ఏరుతున్నాను. పిల్ల చేతులు కడుక్కుని, తుడుచుకుని, నా ఎదురుగా కుర్చీ వేసుకుంది. ఆ రోజు వైరు పెట్టుకోనిచ్చాను. మొదట మెట్ల ముక్క. తర్వాత మిషను ముక్క. ఒక్క వేలూ తప్పలేదు. నేను తల ఎత్తలేదు.

మూడోది మొదలుపెట్టింది. నాలుగు స్వరాలు. నా చెయ్యి పప్పులో ఆగిపోయింది.

అది నాది. పాటంటే పాట కాదు, మాటల్లేవు. పప్పు ఏరేటప్పుడు, బట్టలు జాడించేటప్పుడు నాకే తెలీకుండా నా నోట్లో తిరిగే కూనిరాగం. ఎక్కడి నుంచి పట్టుకొచ్చానో కూడా గుర్తులేదు, మా అమ్మ నాట్లేసేటప్పుడు అనేదేమో. దాన్ని ఈ పిల్ల చిన్నప్పటి నుంచీ వింటూ ఉండి, తీసి తీగల మీద పెట్టింది. మొదట మెల్లగా, ఒక్క తీగ మీద. ఆ తర్వాత అరచెయ్యి ఆనించి కింద మిషను నడక, పైన నా రాగం. చివర ఒక చోట నాకెప్పుడూ ఊపిరి అందదు, అక్కడ ఆపేస్తాను. అది ఆపలేదు. తీగని వేలితో పైకి నెట్టి ఆ స్వరాన్ని సాగదీసింది. నేను ఆపే చోటు దాటి, నాకు తెలీని చోటికి వెళ్ళి, మళ్ళీ తిరిగి మొదటి నాలుగు స్వరాల దగ్గరికి తెచ్చి దింపింది.

కళ్ళు మండాయి. పప్పులోకి వంగాను.

"ఎలా ఉంది అమ్మమ్మా? సచ్ బతావో. మమ్మీకి అన్నీ బావుంటాయి. నువ్వు ఝూఠ్ చెప్పవు, నిజమే అంటావు."

"చెప్పాక ఏడవకూడదు మరి."

"ఏడవను. బోలో."

"మొదటి రెండూ ఎవరివో. వాళ్ళు వాయించారు, నువ్వు చూసి రాశావు."

"అచ్ఛా. ఔర్ మూడోది?"

"అదేంటది? దాన్లో ఏముంది, చప్పుడు."

పిల్ల కాసేపు నా వైపే చూసింది. నాకు కనపడుతూనే ఉంది, నేను చూడకపోయినా.

"నీకెక్కడైనా విన్నట్టు అనిపించలేదా?"

"లేదు."

"పక్కా?"

"లేదన్నాను కదే. నీ చేతిలో అది లేదమ్మా. చదువుకో."

"ఠీక్ హై."

ఏడవలేదు. వైరు తీసి, మోచేతికి చుట్టి, ముడి వేసింది. వైర్లు మెలి పడకుండా అలా చుట్టాలని నేనే నేర్పాను. సోమవారం వచ్చింది, పోయింది. వీడియో పంపలేదు. వాళ్ళమ్మ అడిగితే "నేనే వద్దనుకున్నా మమ్మీ" అంది. నా మాట బయటపెట్టలేదు. మూడు నెలలు అప్పుడప్పుడు ఉత్త తీగలు మీటింది. ఆ తర్వాత అదీ లేదు. గిటారు గుడ్డ సంచీలో బీరువా పైకెక్కింది.

ఎందుకన్నాను? నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆడపిల్ల, ఊరు కాని ఊళ్ళో ఒక్కతే ఉండాలి, వాయించుకుంటే బతుకు గడుస్తుందా అనుకున్నాను. ఈ భయాలు ఉన్నాయి, లేవని చెప్పను. కానీ ఆ నిమిషంలో వాటిలో ఏదీ నా బుర్రలోకి రాలేదు, తర్వాత తెచ్చి పెట్టుకున్నాను. ఆ నిమిషంలో నాకు తోచింది ఒక్కటే. ఇది పంపితే వాళ్ళు తీసుకుంటారు, తీసుకుంటే ఇది వెళ్ళిపోతుంది. ఆ ఫ్లాటులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేనొక్కదాన్నే ఎవర్ని తిడుతూ కూర్చోవాలి? బావోకపోయి ఉంటే నిజమే చెప్పేదాన్ని. బావుంది గనకే అబద్ధం అవసరమైంది. ఇంకొకటి కూడా ఉంది, అది రాయడానికి చెయ్యి రావడం లేదు. నా నోట్లో అరవయ్యేళ్ళు ఉండి ఎక్కడికీ పోని రాగాన్ని అది అంత దూరం తీసుకెళితే, నాకు సంతోషంతోపాటు ఇంకేదో కలిగింది. కడుపు మంటేనా? మనవరాలి మీదా? అయ్యుంటుంది.

ఇక్కడితో ఆగితే ఒకరికి చేసిన తప్పు. నేను ఆగలేదు.

మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నం ఒక బడి హాలులో కూడుతుంది. వాక్యం చెప్పే ముందు పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండి అంటారు. జబ్బు తగ్గినవాళ్ళు, ఉద్యోగం దొరికినవాళ్ళు లేచి దేవుడు చేసిన మేలు పదిమందిలో చెబుతారు. ఆ ఏడు నేను లేచాను. ఎవరూ అడగలేదు, నేనే లేచాను. మా ఇంట్లో గిటారు పిచ్చి పట్టిన పిల్ల ఉండేదని, నేను మూడు శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థన చేశానని, దేవుడు దాని మనసులోంచి ఆ చప్పుడు తీసేసి చదువు మీద ఆశ పెట్టాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఉపవాసం ఉన్న మాట నిజం. కానీ ఆ పిల్ల మనసులోంచి తీసింది ఎవరో నాకు తెలుసు. నా పనిని దేవుడి మీద పెట్టి, పైగా మెప్పు నేను తీసుకున్నాను. పిల్ల వెనక వరసలో కూర్చుని ఉంది. తల వంచుకుని బైబిలు కాయితాలు తిప్పుతోంది. ఇంటికొచ్చేటప్పుడు మెట్రోలో నాకు సీటు చూసిపెట్టింది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

ఆ సాక్ష్యం నాకు పేరు తెచ్చింది. పిల్లలు మాట వినని తల్లులు నా దగ్గరికొచ్చి ప్రార్థన చేయించుకోవడం మొదలుపెట్టారు. ఆంటీ మాటకి బరువుంది అంటారు. ఉంది. ఎంత బరువో నాకంటే ఎవరికి తెలుసు?

పిల్ల కామర్సు చదివింది. ఇప్పుడు గురుగ్రాములో ఉద్యోగం. మంచిదే, జీతం వస్తోంది, నాకు మందులు తెస్తుంది, మోకాళ్ళకి నూనె రాస్తుంది. నా మీద కోపం పెట్టుకుని ఉంటే నేను ఇంత కాలం మొండిగా ఉండేదాన్నేమో. పెట్టుకోలేదు. నా మాట నమ్మింది కదా, నమ్మినవాళ్ళకి కోపం ఎందుకుంటుంది?

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక కొత్తగా వచ్చిన ఒకావిడ కూతుర్ని వెంటపెట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఏలూరు మనిషి, ఆవిడా నర్సే. ఆ పిల్లకి పదహారేళ్ళుంటాయి. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి, ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కాసి ఉన్నాయి. చూడగానే తెలిసింది నాకు. "ఇరవై నాలుగ్గంటలూ గిటారే ఆంటీ. మీ మనవరాలి కోసం చేసినట్టు దీనికీ ప్రార్థన చేసి ఒక మాట చెప్పండి" అంది. ఆ పిల్ల నా వైపు చూసింది, ఏం చెబుతానో అని, జ్వరం ఎంతుందో చూసే డాక్టరు వైపు చూసినట్టు. నేను ఏదో ఒకటి అని తప్పించుకుందామనుకున్నాను. ఈలోగా నా పక్కనున్న మా పిల్ల ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి అంది:

"మా అమ్మమ్మకి ఒకసారి వాయించి వినిపించు. డరో మత్, భయపడకు. తను ఝూఠ్ చెప్పదు. నాకూ నిజమే చెప్పింది."

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. ఉంటే బావుండేది. నేను దాని మొహం వెతికాను, ఎక్కడైనా చిన్న వంకర ఉంటుందేమోనని. లేదు.

వాళ్ళు ఎల్లుండి ఆదివారం మా ఇంటికొస్తారు. ఆ పిల్ల వాయిస్తుంది. మా పిల్ల పక్కనే కూర్చుంటుంది. నేను ఏదో ఒకటి అనాలి. బావుంటే బావుందని చెప్పగలను, అది కష్టం కాదు. కానీ పరాయి పిల్లకి నిజం చెప్పి, నా పిల్లకి చెప్పిన అబద్ధాన్ని అలాగే ఉంచి, దాని పక్కనే కూర్చుని టీ తాగగలనా? ఈ అయిదు రోజులూ అదే ఆలోచన. పాలు రెండుసార్లు పొంగిపోయాయి. నా చేతిలో పాలు పొంగడం ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు.

అందుకే రాయడం మొదలుపెట్టాను. ఇంత రాశాక ఒక సంగతి తట్టింది, తట్టగానే సిగ్గేసింది. మా పిల్లకి తెలుగు చదవడం రాదు. వింటే అర్థమవుతుంది గానీ అక్షరాలు తెలీవు, ఢిల్లీ బళ్ళలో హిందీయే చదివింది. ఈ కాయితాలు బల్ల మీద పరిచి పెట్టినా దానికి గీతలే. అది తెలిసే రాశానా? ఒప్పుకున్నట్టూ ఉంటుంది, దాని చెవిన పడకుండానూ ఉంటుందనా? ఏడేళ్ళు దాచడం అలవాటైన చెయ్యి ఒప్పుకునేటప్పుడు కూడా దాచే దారే చూస్తుందేమో.

అయితే దీన్ని నేనే చదివి వినిపించాలి. అది ఏమంటుందో తెలీదు. క్షమిస్తుందని అనుకోవడం లేదు. పద్దెనిమిదో ఏడు తిరిగి రాదు. ఆ వేళ్ళకి కాయలు పోయి మెత్తబడి చాలా కాలమైంది. మళ్ళీ "ఠీక్ హై" అంటుందేమో, అదే నాకు ఎక్కువ భయం.

ఇదంతా చదివే గొంతు నాకుందో లేదో. కనీసం ఒక వాక్యమైనా పలకాలి కదా. పొద్దున్న అది ఆఫీసుకి వెళ్ళాక, మా అమ్మాయి డ్యూటీకి వెళ్ళాక, వంటింట్లో నిలబడి పైకి అని చూశాను.

"ఆ మూడోది నాదేనని నాకు అప్పుడే తెలిసింది. నువ్వు నాకంటే బాగా వాయించావు."

మొదటిసారి గొంతు రాలేదు. రెండోసారి వచ్చింది.